శేషం

తొట్టికి రెండు కుళాయిలు పెట్టుకుని
కింద చిల్లు ఎవడైనా పెట్టుకుంటాడా అని
తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టార్ని అడిగి
బెంచీ ఎక్కి నించున్నదాన్ని నేను.

ఆ శ్రావణంలోనే గోదారి
మా లంకని తొట్టి చేసుకుంది.

భద్రాచలం దగ్గర ఎంత, ధవళేశ్వరం దగ్గర ఎంత,
రేడియో అడుగుల్లో చెబుతోంది.
మా మామ్మ పల్లాలమ్మకి అడుగుల మీద గురి లేదు.
వాకిట్లో వెదురు గెడ పాతి
బెత్తెడుకో సున్నపు గీత గీసి
అరుగు ఎత్తున ఎర్రగుడ్డ పీలిక కట్టింది.
కుచ్చిళ్ళు దోపుకుని గొంతుక్కూర్చుని
మునిగిన గీతల్ని, కళ్ళంలో వడ్లు కొలిచినట్టే,
"లాభం... రెండు... మూడు..."

గోదారొస్తే లాభమేంటే మామ్మా అన్నాను.
"నష్టమని మొదలెడితే దానికి వినపడుద్దే" అంది.

పొద్దున్న రెండు గంటలకో గీత మునిగేది.
మజ్జాన్నం దాటాక గంటన్నరకే మునుగుతోంది.
నాలుగయ్యేసరికి ఎర్రగుడ్డకి ఇంకా తొమ్మిది బెత్తలు.
"తొమ్మిది గంటన్నరలు ఎంతే?"
నేను వేళ్ళు మడిచేలోపే
"పదమూడున్నర. తెల్లారగట్ల అయిదున్నరకి అరుగెక్కుద్ది.
ఇంక నావ లెక్క రాయి."

సైన్సు నోట్సు వెనకట్ట మీద రాశాను.
మనుషులు ముప్పై ఎనిమిది.
దూడలు పదకొండు.
గేదెలకి ఈతొచ్చు, వాటిని కొట్టెయ్యమంది.
ఓలేటి సత్తెయ్య నావ పడితే ఆరుగురు,
దూడలయితే మూడు.
వెళ్ళి రావడానికి నలభై నిమిషాలు.

ఆరు తిప్పులకి ముప్పై ఆరుగురు. శేషం ఇద్దరు.
మూడు తిప్పులకి తొమ్మిది దూడలు. శేషం రెండు.
ఇద్దరి కోసం ఒక తిప్పు, రెంటి కోసం ఒక తిప్పు,
పదకొండు తిప్పులు అని గీత కొట్టబోయి ఆగాను.
దూడ పట్టే చోట ఇద్దరు మనుషులు పడతారు!
రెండు శేషాల్నీ ఒకే నావలో వేశాను.
పది తిప్పులు. నాలుగొందల నిమిషాలు.
రాత్రి పదీ నలభైకి లంక ఖాళీ.

మామ్మ ఆ అట్ట వంక చూసింది.
ఆవిడకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు.
"ఆ ఇద్దరూ ఎవరే?" అంది.
నేను చెప్పలేదు. ఆవిడే
గోడ మీద చేతిసంచీ తీసి మేకుకి తగిలించింది,
ఇప్పుడప్పుడే అక్కర్లేదన్నట్టు.

చంటిపిల్లలవాళ్ళు ముందెక్కారు.
ఆరో తిప్పు వెళ్ళాక, దూడలతో బయల్దేరిన నావని
మామ్మ ఏడు అనలేదు.
"ఆరున్నొక్కటి" అంది.
అవతలి గట్టున అప్పటికే అందరి గొంతులూ
ఆ మాట కోసమే కాసుకుని ఉన్నాయి.

ఎనిమిదో తిప్పయ్యాక సత్తెయ్య తెడ్డు పడేసి
చద్దన్నం తిన్నాడు. చుట్ట కాల్చాడు.
అరచేతుల్లో బొబ్బల మీద కిరసనాయిలు రాసుకున్నాడు.
మనిషి అలసటకి నా అట్ట మీద గడి లేదు.
మేమిద్దరం రెండు దూడల మధ్య కూర్చునేసరికి
పన్నెండున్నర.
లాంతరు ఎత్తి చూస్తే ఎర్రగుడ్డకి
జానెడూ చిల్లర.
దూడ ఒకటి దారంతా నా జడ నాకుతూనే ఉంది.

మూడోనాడు తిరిగొచ్చాం.
గోడ మీద బురద గీత
అరుగుకి సరిగ్గా బెత్తెడు కిందే ఆగిపోయి ఉంది.
ఇరుగుపొరుగు దణ్ణాలు పెట్టుకుంటున్నారు.
మామ్మ నాలుగు వేళ్ళు ఆనించి కొలిచింది,
మళ్ళీ కొలిచింది,
మొహం ముడుచుకుంది.
"తప్పెక్కడ పడిందే?"

పడమర వైపు అరటితోట గట్టు తెగిపోయి ఉంది.
అందులోంచి నీరు పల్లంలోకి
ఇంకా సన్నగా పోతూనే ఉంది.

"తొట్టికి చిల్లు ఉందే మామ్మా" అన్నాను.

"ఏ తొట్టికే?" అంది,
పారతో బురద ఎత్తిపోస్తూ.